పాత ఒడుపు, కొత్త ఉక్కు: సంప్రదాయ మడత చాకులను ఎంచుకోవడం, సేకరించడం

మడత చాకు కొనబోయేవారు మొట్టమొదట అడిగేది ఉక్కు ఏమిటని. నా దృష్టిలో అది చివరగా అడగవలసిన ప్రశ్న. సంప్రదాయ జేబు చాకు ప్రాణమంతా దాని వెన్నులో ఉండే స్ప్రింగులో ఉంటుంది. ఆ స్ప్రింగు సరిగా కుదరకపోతే ఎంత మేలైన ఉక్కు వేసినా ఆ చాకు జేబులోకి ఎక్కదు, సొరుగులోనే పడి ఉంటుంది. అందుచేత ఈ మార్గదర్శిలో ముందు పని గురించి, తరువాత చట్టం గురించి, ఆపైన స్ప్రింగు గురించి చెప్పి, ఉక్కునూ పిడినీ ఆ తరువాత చూద్దాం. కొనడం, దాచడం, సాన పట్టడం చివరన వస్తాయి.

ఏ చాకుల గురించి మాట్లాడుతున్నాం

చాకు అనగానే మనవాళ్లకు సినిమాలో రౌడీ చేతిలో టకటకమని తెరుచుకునే రాంపురి గుర్తుకు రావడం సహజమే. ఇక్కడి విషయం అది కాదు. పండు కోసుకోవడానికి, తాడు తెంపడానికి, పార్సిలు విప్పడానికి యూరప్, అమెరికా, జపాన్ దేశాల రైతులూ కాపరులూ పనివాళ్లూ జేబులో పెట్టుకున్న చిన్న మడత చాకులు, వాటిని ఇప్పటి కార్ఖానాలు మళ్లీ తయారు చేస్తున్న తీరు మన అంశం.

వీటిలో ఎక్కువ భాగాన్ని స్లిప్‌జాయింట్ అంటారు. అలుగు, అంటే చాకులో కోసే భాగం, దాని మొదలును ఒక ఇరుసు మేకు పట్టి ఉంచుతుంది. పిడి వెన్నులో పొడవునా ఉన్న ఉక్కు పట్టీ స్ప్రింగులా వంగి ఆ మొదలును ఎప్పుడూ అదిమి ఉంచుతుంది. అలుగు మొదలు గుండ్రంగా కాక పలకలు తీసి ఉంటుంది కనుక, పూర్తిగా తెరిచినప్పుడూ పూర్తిగా మూసినప్పుడూ స్ప్రింగు ఒక్కొక్క పలకమీద కూర్చుని చాకును ఆపుతుంది. తాళం అంటూ ఏదీ లేదు. అలుగు వెన్నుమీద గట్టిగా నొక్కితే అది మూసుకుపోతుంది, కాబట్టి మొనతో పొడిచే పనులకు ఈ చాకు పనికిరాదు. ఈ ఒక్క సంగతి మొదటిరోజే చేతికి తెలిసిపోతే వేళ్లు క్షేమం.

ఆధునిక రూపాలన్నీ ఒక్కటి కావు. మొదటి రకం పాత నమూనాను పాత పదార్థాలతోనే చేసేది. పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్‌లో 2006లో మొదలైన గ్రేట్ ఈస్టర్న్ కట్లరీ ఈ తరహాకు చెందుతుంది. 1095 కార్బన్ ఉక్కు, ఎముక, చెక్క, ఇత్తడి రేకులు దాని సరంజామా. రెండో రకం నమూనాను ఉంచి లోపలి సరుకంతా మార్చేది. ఇటలీలోని మానియాగోకు చెందిన లయన్‌స్టీల్ తన స్లిప్‌జాయింట్లకు లోహపు పొడిని అదిమి చేసే ఎం390 వంటి ఉక్కునూ టైటానియంనూ కార్బన్ ఫైబర్‌నూ వాడుతుంది. మూడో రకం అసలు ఆగిపోనిది. 1890 నాటి ఫ్రెంచి చాకు ఒపినెల్, 1884లో మొదలైన స్విస్ కంపెనీ విక్టోరినాక్స్, 1929లో ఫ్రాన్స్‌లోని తియెర్ పట్టణంలో పుట్టిన డౌక్-డౌక్, జపాన్‌లోని మికి పట్టణపు హిగోనోకామి ఈ కోవలోవి. వీటిని పునఃసృష్టించవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే జనం వీటిని కొనడం మానలేదు. కొత్తగా మొదలుపెట్టేవారు ఈ మూడో రకంతోనే మొదలుపెట్టాలని నా సలహా. ఖర్చు తక్కువ, మోసం తక్కువ, పాఠం మాత్రం పూర్తిగా దొరుకుతుంది.

మొదటి అడుగు: మీ చేతి పనిని గమనించండి

వారం రోజులు ఏమీ కొనకండి. వంటింటి కత్తి, కత్తెర, నోటి పళ్లు వీటిలో ఏది ఎప్పుడు ఎందుకు వాడారో ఒక కాగితంమీద రాసుకోండి. చాలామంది జాబితాలో పార్సిలు పెట్టెలు, పాల ప్యాకెట్లు, పళ్లు, దారాలు, అప్పుడప్పుడు ఒక తాడు ఉంటాయి. ఈ పనులకు 6 నుంచి 8 సెంటీమీటర్ల అలుగు చాలు.

ఇక నమూనాలు. బార్లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పుట్టి అమెరికాలో ఇంటిపేరైన చాకు. పిడి పొడవులో దాదాపు మూడో వంతు లోహపు తొడుగు ఉంటుంది. అలుగు కీలు దగ్గర బలం కోసం ఆ ఏర్పాటు. ట్రాపర్‌లో ఒకే కీలు నుంచి రెండు పొడవైన అలుగులు తెరుచుకుంటాయి. స్టాక్‌మన్‌లో మూడు. మొన సన్నగా వంగిన క్లిప్, తిన్నని అంచు ఉన్న షీప్‌ఫుట్, మొన మొద్దుగా ఉన్న స్పే. ఈ మూడోది పశువుల కాపరులు కోడెలకు విత్తులు కొట్టడానికి వాడినది. పొరపాటున లోతుగా గుచ్చుకోకుండా ఉండాలని మొనను మొద్దు చేశారు. నేడు ఆ అలుగుతో ఎవరైనా చేసేది ఉత్తరం కవరు చించడమో, రొట్టెకు వెన్న రాయడమో. సాడ్‌బస్టర్ వెడల్పైన ఒకే అలుగుతో వచ్చే రైతు చాకు. షెఫీల్డ్ ల్యాంబ్‌ఫుట్ అంచు నిటారుగా ఉండి మొన కిందికి వాలి ఉంటుంది. చెక్కమీద, అట్టమీద గీత గీసినట్టు కోయడానికి దానికి సాటి లేదు. వేలెడంత పీనట్ ధోవతి మడతలో పెట్టుకున్నా తెలియదు.

నన్నడిగితే మొదటి చాకు ఒకే అలుగుదై ఉండాలి. రెండు, మూడు అలుగులున్న చాకులో ఒకదానికొకటి రాసుకోకుండా అలుగులను కొద్దిగా ఒంచి అమర్చడం తయారీదారు నైపుణ్యానికి పరీక్ష. చవక చాకుల్లో ఆ పరీక్ష తప్పడమే ఎక్కువ. అలుగు ఒక్కటే అయితే తప్పు జరిగే చోట్లు తక్కువ, శుభ్రం చేసుకోవడమూ సులువు.

రెండో అడుగు: చట్టాన్ని ముందే తెలుసుకోండి

భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద వచ్చిన 2016 నియమాలు 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న అలుగులను ఆయుధాలుగా లెక్కిస్తాయి. గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక ప్రయోజనాలకు చేసినవాటికి మినహాయింపు ఉంది. మీట నొక్కగానే తెరుచుకునే ఫ్లిక్ కత్తులు మాత్రం ఆ కొలతలతో నిమిత్తం లేకుండానే ఆ జాబితాలో ఉన్నాయి. ఆ లెక్కన గోటితో లాగి తెరిచే 7 సెంటీమీటర్ల చాకు ఇంట్లో ఉండడంలో ఇబ్బంది లేదు. అయితే ఎన్నికల వేళ, ఊరేగింపుల వేళ పోలీసులు జారీ చేసే నిషేధాజ్ఞలు వేరు. మెట్రో స్టేషన్లలో, మాల్స్‌లో, కోర్టుల్లో తనిఖీ వేరు. ఆ రోజుల్లో, ఆ చోట్లకు చాకును ఇంట్లో వదిలి వెళ్లడమే మర్యాద.

విమానంలో చేతి సంచిలో చాకు వద్దు, ఎంత చిన్నదైనా సరే. తాళాల గుత్తికి తగిలించిన 58 మిల్లీమీటర్ల స్విస్ చాకును మరిచిపోయి ఒక విమానాశ్రయంలో భద్రతా తనిఖీ దగ్గర పళ్లెంలో వదిలేసి వచ్చినవాణ్ని నేను. ధర పెద్దది కాదు, పదేళ్లు వాడి పిడి ఎర్రరంగు నునుపెక్కిన చాకు కావడమే బాధ. చెక్-ఇన్ సామానులో పెట్టుకోవడం ప్రయాణం ముందురోజు రాత్రి చేయవలసిన పని.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి ఇది మరింత ముఖ్యం. బ్రిటన్‌లో కారణం చెప్పకుండా బయట వెంట ఉంచుకోదగినది 3 అంగుళాలకు మించని అంచు ఉన్న, తాళం లేని మడత చాకు మాత్రమే; 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం 139వ సెక్షన్ దీనికి ఆధారం. అందుకే పిడి మెడకున్న లోహపు కట్టు తిప్పితే అలుగు బిగుసుకునే ఒపినెల్ 8వ నంబరు అక్కడ అనుమతి లేని చాకు అవుతుంది. ఆ కట్టు లేని 5వ నంబరు, అంతకంటే చిన్నవి కావు. జర్మనీ ఒక చేత్తో తెరుచుకుని తాళం పడే చాకులను బయట మోయడంపై ఆంక్షలు పెట్టింది. 2024లో ఉత్సవాలకూ దూర ప్రయాణపు రైళ్లకూ నిబంధనలను ఇంకా బిగించింది. గత రెండు దశాబ్దాల్లో యూరప్ కంపెనీలు మేలైన ఉక్కుతో, తాళం లేకుండా ఇన్ని కొత్త స్లిప్‌జాయింట్లు తీసుకురావడం వెనుక తాతల మీద ప్రేమ ఎంత ఉందో ఈ చట్టాల ఒత్తిడీ అంతే ఉంది. అమెరికాలో రాష్ట్రానికొక తీరు, కొన్ని చోట్ల నగరానికొక తీరు. స్థానిక నియమం చూసుకోక తప్పదు.

మూడో అడుగు: చేతిలోకి తీసుకుని పరీక్షించండి

ఇక్కడ తొందర పనికిరాదు. చాకును దీపం కింద పట్టుకుని ఈ వరుసలో చూడండి.

ముందు మూసి ఉన్న చాకును వెన్నువైపు నుంచి దీపానికి అడ్డం పెట్టండి. స్ప్రింగుకూ లోపలి రేకులకూ మధ్య వెలుగు గీతలా కనిపించకూడదు. తరువాత పిడి పలకలు లోహపు తొడుగును కలిసే చోట గోరు జరపండి. గోరు తట్టుకుంటే అతుకు సరిగా లేదన్నమాట. ఎముకకూ చెక్కకూ వానాకాలంలో ఉబ్బి ఎండాకాలంలో కుంచించుకునే గుణం ఉంది కనుక వెంట్రుకవాసి తేడాను మన్నించవచ్చు. బట్ట, రెసిన్‌లతో చేసే మైకార్టా పిడులకూ ప్లాస్టిక్ పిడులకూ ఆ సాకు లేదు.

ఇప్పుడు అలుగుమీది గోటి గాడిలో బొటనగోరు పెట్టి మెల్లగా లాగండి. లాగుడు బలాన్ని సేకరణదారులు 1 నుంచి 10 వరకు అంకెల్లో చెప్పుకుంటారు. 5 చుట్టుపక్కల ఉంటే గోరు విరగదు, అలుగూ వదులు కాదు. 8 దాటితే గోరు ఊడినంత పని అవుతుంది. ‘బిగువుగా ఉంటేనే నాణ్యత’ అనే మాటను నేను నమ్మను. సగం తెరిచాక కొన్ని చాకులు 90 డిగ్రీల దగ్గర టక్కున ఆగుతాయి. దాన్ని హాఫ్ స్టాప్ అంటారు. మూసేటప్పుడు వేళ్లు సర్దుకోవడానికి ఒక క్షణం వ్యవధి ఇస్తుంది కనుక పిల్లలకూ కొత్తవారికీ అది మేలు.

తెరిచి ఉన్నప్పుడు, సగంలో ఉన్నప్పుడు, మూసినప్పుడు మూడుసార్లూ వెన్నుమీద వేలు జరపండి. స్ప్రింగు అన్ని దశల్లోనూ పిడితో సమంగా కూర్చుని ఉంటే ఆ పనివాడికి దండం పెట్టవచ్చు. తెరిచిన అలుగును పక్కలకు కదపండి. చిన్న కదలిక ఉన్నా కాలక్రమంలో అది పెరుగుతుందే గాని తగ్గదు. పైకీ కిందికీ ఊగితే మాత్రం కొనవద్దు, అది స్ప్రింగుకూ అలుగు మొదలుకూ పొత్తు కుదరలేదనడానికి గుర్తు.

చివరగా మూసేటప్పుడు వచ్చే చప్పుడు వినండి. దాన్ని ‘వాక్ అండ్ టాక్’ అంటారు. అలుగు స్ప్రింగు లాక్కున్నట్టు దానంతటదే చివరి భాగం మూసుకుని గట్టి చప్పుడు చేయాలి. కాని ఆ చప్పుడు చేసేది అంచు కాకూడదు. అలుగు మొదలు దగ్గర చిన్న బొడిపె ఉంటుంది. అదే స్ప్రింగును తాకి అంచును పైకి ఆపాలి. అనుమానం ఉంటే మూసిన చాకులో అంచు వెంట సన్నని కాగితం పట్టీ ఉంచి అలుగును వేలితో ఇంకాస్త లోపలికి అదమండి. కాగితంమీద కోత పడితే, మూసిన ప్రతిసారీ ఆ చాకు తన పదునును తానే స్ప్రింగుకేసి కొట్టుకుంటున్నదన్నమాట. ఫ్రాన్స్‌కు చెందిన లాగ్యోల్ చాకు ఇందుకు ప్రత్యేకం. సంప్రదాయ లాగ్యోల్‌లో చాలాచోట్ల ఆ ఆపుదల ఉండదు కనుక దాన్ని టపాలున మూయకుండా వేలితో పట్టి దించి మూయడం ఫ్రెంచివారి అలవాటు. చప్పుడు కోసం పదేపదే మూసి, ఆనక అలుగు నడుమ నొక్కు పడిందని గోలపెట్టేవారిని చాలామందిని చూశాను.

హిగోనోకామి, ఒపినెల్ చాకుల్లో వెన్ను స్ప్రింగు లేదు. హిగోనోకామిలో మడిచిన లోహపు రేకే పిడి. అలుగు మొదలు నుంచి బయటికి పొడుచుకొచ్చిన చిన్న తోకను బొటనవేలితో అదిమి ఉంచినంతసేపే అది తెరిచి ఉంటుంది. ఒకప్పుడు జపాన్ బడిపిల్లలు పెన్సిళ్లు చెక్కుకున్నది దీనితోనే. మనం సగానికి విరిచిన గడ్డం బ్లేడుతో చేసిన పనిని వాళ్లు ఇంత ముచ్చటైన వస్తువుతో చేశారంటే కొంత అసూయ కలుగుతుంది. ఒపినెల్‌లో చెక్క బిగువే అలుగును పట్టి ఉంచేది. 1955లో తిరిగే కట్టు చేరింది. ఈ రెండింటిలోనూ చూడవలసింది ఒక్కటే: తలకిందులుగా పట్టి ఊపితే అలుగు జారకూడదు.

నాలుగో అడుగు: ఇప్పుడు ఉక్కు

కార్బన్ ఉక్కు, స్టెయిన్‌లెస్ ఉక్కు అనే రెండు దారుల్లో ఏది మీది అన్నది మీ ఊరి గాలి నిర్ణయిస్తుంది. 1095లో సుమారు 0.95 శాతం కార్బన్ ఉంటుంది, క్రోమియం లేదనే చెప్పాలి. సులువుగా పదునెక్కుతుంది, సులువుగానే తుప్పూ పడుతుంది. ఒపినెల్ స్టెయిన్‌లెస్‌కు వాడే స్వీడన్ ఉక్కు 12సి27లో క్రోమియం 13.5 శాతం ఉంటుంది. ఎం390లో కార్బన్ 1.9, క్రోమియం 20, వనేడియం 4 శాతం. ఆ వనేడియం కార్బైడ్లనే గట్టి కణాల మూలాన దాని పదును నెలల తరబడి నిలుస్తుంది, అరిగాక మాత్రం ఇంటి సానరాయికి లొంగక సతాయిస్తుంది. దానికి డైమండ్ పలక కావాలి. స్విస్ చాకుల మెత్తని ఉక్కు ఇందుకు పూర్తిగా భిన్నం. తొందరగా మొద్దుబారుతుంది, పింగాణీ కప్పు అడుగు అంచుమీద నాలుగుసార్లు లాగితే మళ్లీ పనికొస్తుంది. రోజుకు పది నిమిషాల పని చేసే జేబు చాకుకు ఎం390 అవసరమా అని అడిగితే, అవసరం లేదనే అంటాను. కాని విశాఖపట్నంలోనో కాకినాడలోనో చెమట పట్టే జేబులో రోజంతా ఉండే చాకుకు స్టెయిన్‌లెస్ అవసరమే.

కార్బన్ ఉక్కును భయపడి వదిలేయకండి. మన కత్తిపీట అలుగును గుర్తుచేసుకోండి. అరటికాయ కోసి కోసి నల్లబడి, ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. కొత్త కార్బన్ చాకుతో ఒక పచ్చి మామిడికాయను ముక్కలు చేసి రెండు నిమిషాలు తుడవకుండా ఉంచండి. రసం తగిలిన మేర మొదట పసుపు, ఆపైన గోధుమ, తరువాత నెమలికంఠం రంగులు ఒకదానివెంట ఒకటి వచ్చి చివరికి బూడిదరంగులో స్థిరపడతాయి. కడిగి తుడిస్తే ఆ పొర పోదు. ఎర్రటి తుప్పు లోహాన్ని తింటుంది, ఈ బూడిద పొర దాన్ని కొంత కాపాడుతుంది. మామిడి ముక్కకు మొదటి రోజుల్లో ఇనుము వాసన తగులుతుంది, పొర స్థిరపడ్డాక తగ్గుతుంది.

ఐదో అడుగు: పిడి

పిడి విషయంలో భారతీయ కొనుగోలుదారు తప్పక గుర్తుంచుకోవలసినది దుప్పి కొమ్ము. ‘స్టాగ్’ అని రాసి ఉండే పిడుల్లో ఒకప్పుడు ఎక్కువ పేరు మన సాంబార్ దుప్పి కొమ్ముదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కొమ్మునూ దానితో చేసిన వస్తువునూ పరిధిలోకి తెచ్చింది. అడవిలో రాలిపడినది కదా అనే మాట చెల్లదు. కొమ్ము పిడి చాకును విదేశం నుంచి తెప్పించుకోవడం, ఇక్కడ అమ్మడం రెండూ తలనొప్పులే. ఏనుగు దంతం సంగతి చెప్పనే అక్కరలేదు.

అమెరికా చాకుల ‘జిగ్గ్డ్ బోన్’ పశువుల కాలి ఎముకను గాట్లు పెట్టి రంగు వేసినది. అందంగా ఉంటుంది, చేతికి పట్టు ఇస్తుంది. ఎముకను తాకడం ఇష్టం లేని ఇళ్లు మనలో ఉన్నాయి. అలాంటివారు కొనేముందే వివరం చదవాలి, ఎందుకంటే దూరం నుంచి ప్లాస్టిక్‌లానే కనిపిస్తుంది. బట్ట పొరలను రెసిన్‌లో అదిమి చేసే మైకార్టా నా అభిమాన పిడి. చెమట పట్టినా జారదు, వాడేకొద్దీ నల్లబడి సొంత రూపం తెచ్చుకుంటుంది. పాతకాలపు సెల్యులాయిడ్ పిడి చాకు దొరికితే దాన్ని మిగతావాటితో కలిపి ఒకే పెట్టెలో ఉంచకండి. అది శిథిలమయ్యే క్రమంలో వెలువడే ఆమ్లపు ఆవిరి పక్కనున్న అలుగులన్నిటినీ తుప్పు పట్టిస్తుంది.

ఆరో అడుగు: ముద్రలను చదవడం, కొనడం

అలుగుమీది పేరు తయారీదారు పేరే అని అనుకోవద్దు. అమెరికాలో ఇంపీరియల్ ష్రేడ్ 2004లో, 1876 నుంచి నడిచిన కమిలస్ 2007లో మూతపడ్డాయి. ఆ పేర్లు మాత్రం అమ్ముడుపోయి, దిగుమతి చాకులమీద బతుకుతున్నాయి. అవి చెడ్డవని కాదు. చైనాలోని యాంగ్‌జియాంగ్‌లో నేడు చాలా నాణ్యమైన చాకులు తయారవుతున్నాయి. ఏది ఎక్కడిదో తెలిసి, దానికి తగిన ధర ఇవ్వాలన్నదే విషయం.

లాగ్యోల్ ఇంకా చిక్కు. అది దక్షిణ ఫ్రాన్స్‌లోని ఒక ఊరి పేరు, 1829 నాటి చాకు నమూనా పేరు. అంతేగాని ఒక కంపెనీ పేరు కాదు. ఎక్కడెక్కడివారో అలుగుమీద ఆ మాట చెక్కి అమ్ముతుంటారు. నేను కొన్న మొదటి లాగ్యోల్ పిడిమీద అలంకారంగా ఉండే తేనెటీగ బొమ్మ రెండో నెలలో ఊడి వచ్చింది. చూస్తే జిగురుతో అంటించిన రేకు ముక్క. అమ్మినవాడు ఫ్రాన్స్ సరుకని ప్రమాణం చేశాడు. అసలైన మంచి చాకులో ఆ తేనెటీగ స్ప్రింగు చివరన అదే ఉక్కులో సాగదీసి చేసినదో, గట్టిగా వెల్డింగు చేసినదో అయి ఉంటుంది, స్ప్రింగు పొడవునా ఆకురాయి పని చేత్తో చేసిన అసమానతతో కనిపిస్తుంది, అలుగుమీద ఊరి పేరుతోపాటు తయారీదారు పేరు ఉంటుంది.

కొన్ని కంపెనీలు చాకుమీదే జాతకం రాసి ఇస్తాయి. పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన కేస్ చాకు అలుగు మొదలుమీద 6318 అని ఉందనుకోండి. మొదటి 6 ఎముక పిడికి గుర్తు, తరువాతి 3 అలుగుల సంఖ్య, 18 నమూనా సంఖ్య. అంటే ఎముక పిడి స్టాక్‌మన్. సంఖ్య వెనుక ఎస్‌ఎస్ ఉంటే స్టెయిన్‌లెస్, సివి ఉంటే క్రోమ్ వనేడియం కార్బన్ ఉక్కు. 1970లో ఆ కంపెనీ ముద్ర కింద 10 చుక్కలు పెట్టి, ఏటా ఒక చుక్క తీసేస్తూ వచ్చింది. కనుక 7 చుక్కలుంటే 1973 నాటి చాకు. గ్రేట్ ఈస్టర్న్ చాకుల్లో ఆరంకెల సంఖ్యలో మొదటి రెండు చట్రానికి, చివరి రెండు తయారైన ఏడాదికి గుర్తు. భూతద్దం ఒకటి కొనుక్కోండి. సేకరణదారుకు అది చాకంత అవసరం.

ధర విషయంలో ఒక హెచ్చరిక. కొద్ది సంఖ్యలో తయారయ్యే చాకులు విడుదలైన కొద్దిసేపట్లో అయిపోయి, మర్నాటికి చేతులు మారే అంగట్లో హెచ్చు ధరకు కనిపిస్తాయి. అప్పుడు కొనకండి. ఆ చట్రంలోనే వేరే పిడితో మరో విడత వచ్చే అవకాశం ఎక్కువ. వాడిన చాకు కొంటున్నట్లయితే తెరిచినప్పుడు, సగంలో, మూసినప్పుడు తీసిన మూడు ఫొటోలూ, వెన్నువైపు ఒక ఫొటో అడగండి. ఇవ్వని అమ్మకందారు దగ్గర బేరం మానుకోండి. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, పార్సిలు నిలిచిపోయే ప్రమాదం రెండూ లెక్కలో వేసుకోవాలి. పార్సిలుమీద వర్ణన నిజాయితీగా, పండ్లు కోసే మడత చాకు అన్నంత సాదాగా ఉండాలని అమ్మకందారుకు ముందే రాయండి.

ఏడో అడుగు: గుంపును సేకరణగా మార్చడం

పదో చాకు దగ్గర ఆగి చూస్తే చాలామంది దగ్గర ఉండేది గుంపు మాత్రమే. దాన్ని సేకరణ చేసేది హద్దు. ఒకే నమూనాను వేర్వేరు దేశాల చేతుల్లో చూడడం ఒక పద్ధతి. బార్లోలు ఐదు పక్కపక్కన పెడితే తొడుగు పొడవులోనూ పిడి ఒంపులోనూ కార్ఖానాల స్వభావాలు బయటపడతాయి. ఒక్కొక్క చాకు ఊరి నుంచి ఒక్కటి తీసుకోవడం మరో పద్ధతి: షెఫీల్డ్, జర్మనీలోని జోలింగెన్, తియెర్, మానియాగో, మికి. ఒపినెల్ కొలతల వరుసను పూర్తి చేయడం తక్కువ ఖర్చులో తృప్తినిచ్చే పని. 1897లో 1 నుంచి 12 దాకా వచ్చిన నంబర్లలో 1, 11 తరువాత ఆగిపోయాయి కనుక మామూలు వరుసలో పది దొరుకుతాయి.

ప్రతి చాకుకూ ఒక పుట కేటాయించి కొన్న తేదీ, ధర, ముద్ర, బరువు, కనిపించిన లోపం రాయండి. వాడే చాకు ఏది, వాడకుండా దాచేది ఏది అన్నది కొన్నరోజే తేల్చుకోండి, ఎందుకంటే ఒకసారి సాన పట్టిన చాకుకు సేకరణదారుల్లో విలువ తగ్గుతుంది, పెట్టెనూ కాగితాలనూ పారేస్తే ఇంకా తగ్గుతుంది. నేను దాచేవి రెండే. మిగతావన్నీ వంతులవారీగా జేబులోకి వస్తాయి.

ఎనిమిదో అడుగు: సాన, నూనె, నిల్వ

వీధిలో సైకిలుమీద సానచక్రం తిప్పేవాడికి వంటింటి కత్తి ఇవ్వండి, ఈ చాకులు ఇవ్వకండి. నీళ్లు లేకుండా తిరిగే చక్రం కింద సన్నని అంచు క్షణాల్లో కాలి నీలం రంగు తిరుగుతుంది. కార్బన్ ఉక్కును కార్ఖానాలో గట్టిపరిచాక మళ్లీ కాచే వేడి దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ స్థాయిది. దాన్ని మించిన వేడి తగిలిన మేర ఉక్కు మెత్తబడి, ఆపైన ఎంత సాన పట్టినా పదును నిలవదు. 1000 గ్రిట్ నీటిరాయి ఒకటి, పాత తోలు బెల్టు ఒకటి చాలు. రాతికీ అలుగుకూ మధ్య 15 నుంచి 20 డిగ్రీల కోణం ఉంచి, రెండో వైపున గోటికి తగిలే సన్నని బరక అంచు పొడవునా వచ్చేదాకా ఒకవైపు లాగి, తరువాత రెండోవైపు మొదలుపెట్టాలి. బరక రాకముందే వైపు మార్చడం వల్లనే చాలామంది చాకులు ఎంత రుద్దినా మొద్దుగానే ఉంటాయి. చివరన బెల్టుమీద వెనక్కి లాగి ఆ బరకను తీసేస్తే పండిన టమాటాపై అలుగు తన బరువుతోనే దిగుతుంది.

కీలులో చేరిన దుమ్మును గోరువెచ్చని నీటిలో పదిసార్లు తెరిచి మూసి కడగండి. పూర్తిగా ఆరాక ఒక్క చుక్క ఆహారయోగ్యమైన మినరల్ ఆయిల్ చాలు. వంటనూనెలు కొన్నాళ్లకు జిగురై కీలును పట్టేస్తాయి. ఒపినెల్ పిడి వానాకాలంలో ఉబ్బి అలుగు లోపలే ఇరుక్కుంటే పటకారు తీసుకోకండి. పిడి మడమ భాగాన్ని బల్ల అంచుకు టక్కున తడితే అలుగు కాస్త బయటికి వస్తుంది. ఒపినెల్ పుట్టిన ఫ్రాన్స్‌లోని సావోయి ప్రాంతవాసుల పాత చిట్కా అది, గోదావరి జిల్లాల ముసురులోనూ అచ్చం అలాగే పనిచేస్తుంది.

తోలు ఒరలో చాకును నిల్వ ఉంచవద్దు. ఒక శ్రావణమాసమంతా నేను ఒక కార్బన్ బార్లోను తోలు ఒరలో పెట్టి మరిచిపోయాను. తీసి చూస్తే ఒర కుట్టు తగిలిన చోట వరుసగా సన్నని గుంటలు, ఇత్తడి రేకుల అంచున పచ్చటి చిలుము. చిలుము తుడిస్తే పోయింది, గుంటలు పోలేదు. ఇప్పుడు చాకులను నూనె తడిపిన నూలు గుడ్డతో తుడిచి, మూత బిగువుగా పట్టే డబ్బాలో, రంగు మారే సిలికా జెల్ సంచులతో ఉంచుతున్నాను. సంచిలోని గుళికలు రంగు మారగానే పొయ్యి పక్కన ఎండబెట్టి మళ్లీ వేయాలి. వానాకాలంలో పదిహేను రోజులకోసారి డబ్బా తెరిచి ఒక్కొక్కటీ తెరిచి మూసి, గరుకుగా కదిలినదాన్ని పక్కన పెట్టి, ఆ సాయంత్రమే దాని కీలుకు నూనె చుక్క వేయండి.